మొదటి డబ్బా

మా తోడల్లుడి పెదవి వాచిన వేసవి అది. వాచింది అతని పెదవి, మండింది నా కడుపు.

మా మామగారిది బేకరీ. వీధి వైపు కొట్టు, కొట్టు వెనక పని గది, పైన మా అందరి ఇల్లు. పెళ్ళయిన ఏడాదే నేను ఆ పని గదిలోకి దిగాను. పిండి మూటలు మోశాను, ట్రేలు తోమాను, మోచేతుల దాకా కాల్చుకున్నాను. పొయ్యి ముందు నిలబడే చోటు మాత్రం మామగారిదే. రొట్టెలను లోపలికి తోసే పొడుగాటి చెక్క పార ఆయన చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఏడాది ఆయన కుడి మణికట్టు మొరాయించింది. వానలు పడేలోగా పార ఎవరిదో తేల్చేస్తానన్నారు. తేల్చడానికేముంది? పెద్దల్లుణ్ణి నేనున్నాను. ఇంకెవరున్నారు?

ఉన్నాడు, చిన్నల్లుడు. అతను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడితే, ఎండలు ముదురుతుండగా మా మరదల్ని తీసుకుని వచ్చి పై గదిలో దిగాడు. ఊరికే కూర్చోలేనని మర్నాడే పని గదిలోకి వచ్చాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు నా కళ్ళ ముందే మొలిచాయి. నేను ఏడాది తంటాలు పడి నేర్చుకున్న పిండి పిసుకుడు అతనికి నెల తిరక్కుండా పట్టుబడింది. మొదటిసారి అతను చేసిన రొట్టె ఒక పక్కకి ఒరిగిపోయింది. మామగారు దాన్ని వేలితో నొక్కి చూసి, "పిండి నీ మాట వింటోందిరా" అన్నారు.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకు తెలుసు. నా జీడిపప్పు బిస్కెట్ల కోసం నాలుగు వీధుల అవతల నుంచి మనుషులు వస్తారు. సాయంత్రానికి సీసాలో పొడి తప్ప మిగలదు. మామగారు ఖాళీ సీసా చూసి "అయిపోయాయా?" అంటారు, అంతే. బాగున్నాయని ఒక్కనాడు అన్న పాపాన పోలేదు.

ఇక అత్తయ్య సంగతి. చిన్నల్లుడికి కూర రెండోసారి అడక్కుండానే పడుతుంది. నాకు అడిగితే పడుతుంది. ఇదంతా పట్టించుకునే మనిషిని కాదని నేను అనుకునేవాణ్ణి. మా ఆవిడ ఒప్పుకునేది కాదు. "మీ ముఖం ఒకసారి అద్దంలో చూసుకోండి, ఆవాలు వేస్తే చిటపటలాడతాయి" అనేది.

ఒక సాయంత్రం కొట్టు కట్టేసి అందరం టీ తాగుతున్నాం. చిన్నల్లుడు కొట్టులో మిగిలిన కేకు ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి పెదవి గోక్కోవడం మొదలుపెట్టాడు. చూస్తుండగానే పై పెదవి బన్నులా పొంగింది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. మరదలు ఏడుపు, అత్తయ్య కంగారు, మామగారు చెప్పులు తొడుక్కోకుండానే మందుల షాపుకి పరుగు. మాత్ర వేస్తే తగ్గింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి కనురెప్పలు వాచి, కళ్ళు గీతలైపోయాయి. చిన్నప్పటి నుంచీ అన్నీ తిన్నవాడే, ఎన్నడూ ఏమీ కాలేదట. ఇంత వయసు వచ్చాక తిండి పడకపోవడం ఏమిటని అందరికీ ఆశ్చర్యం.

ఆ రోజు నుంచి ఇంట్లో అతనికి వేరే గిన్నె, వేరే పళ్ళెం, వేరే వంట. గుడ్డు వద్దు, పాలు వద్దు, పప్పులు వద్దు, మా కొట్టు సరుకు అసలే వద్దు. అత్తయ్య అతని కోసం మెత్తగా అన్నం వండి, పక్కన కూర్చుని, తినేదాకా ముఖంలోకి చూస్తూ ఉండేది. ఏమైనా దురదగా ఉందా నాయనా, గొంతు బాగుందా నాయనా. పొయ్యి దగ్గర నా చెయ్యి కాలి బొబ్బ ఎక్కితే, నీళ్ళ కింద పెట్టుకో అని వంటింట్లోంచే కేక వేసిన మనిషి ఈవిడే. నిజం చెప్పాలంటే నాకూ ఒంటి మీద నాలుగు దద్దుర్లు లేస్తే బాగుండుననిపించింది.

పిండి మూటలు తెచ్చే ఆటో అతను ఈ కథంతా విని, "కుర్రాడు మంచి పనివాడు కదా, ఎవరి కళ్ళో పడ్డాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అందరూ నా వైపే చూశారు.

చివరికి ఈ జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి రోజు కుదిరింది. బండి నాది కాబట్టి తీసుకెళ్ళే పనీ నాదే అయింది. పరీక్షకి వారం ముందు నుంచి దురద మాత్రలు మానెయ్యాలన్నారు. ఆ వారం అతను గోక్కోవడం, ఇల్లంతా అతని చుట్టూ తిరగడం. క్లినిక్‌లో నర్సమ్మ అతని మోచెయ్యి కింద పెన్నుతో గీతలు గీసి, గీత పక్కన ఒక్కో పదార్థం రసం ఒక చుక్క వేసింది. గోధుమ, గుడ్డు, పాలు, నువ్వులు, జీడిపప్పు, ఇంకా ఏవేవో. చుక్క చుక్కకీ సూదితో చిన్న పోటు. కాసేపు ఆగి చూడాలంది. నేను పక్కన కూర్చుని ఆ చేతినే చూస్తున్నాను.

లోపల నేనేం కోరుకుంటున్నానో నాకు బాగా తెలుసు. గుడ్డు అయితే లాభం లేదు, గుడ్డు లేకుండా చేసే సరుకు బోలెడు. జీడిపప్పు కావాలి. మా పని గదిలో గాలంతా జీడిపప్పు పొడే. జీడిపప్పు అయితే అతనికి ఆ గడప దాటే యోగం ఉండదు. పార నాది.

జీడిపప్పు చుక్క దగ్గర దోమ కుట్టినంత లేచింది. మిగతావన్నీ చదునుగా ఉన్నాయి. నేను ముందుకి వంగాను. డాక్టరమ్మ వచ్చి స్కేలు పెట్టి కొలిచి పెదవి విరిచింది. అవునని చెప్పడానికి ఇది చాలదట, కాదని చెప్పడానికి కొంచెం ఎక్కువట. తినిపించి చూడాలంది. తేలేదాకా అతను పని గదిలోకి వెళ్ళకూడదని, జీడిపప్పు ముట్టకూడదని గట్టిగా చెప్పింది.

తినిపించే పద్ధతి వింతగా ఉంది. భయంతో కూడా కొందరికి దురద వస్తుందట. అందుకని ఏం తింటున్నాడో తినేవాడికి తెలియకూడదు, చూసే డాక్టరుకీ తెలియకూడదు. రెండు డబ్బాల్లో ఒకే రంగు, ఒకే రుచి ఉన్న పదార్థం కావాలి. ఒకదాంట్లో జీడిపప్పు పొడి ఉండాలి, ఒకదాంట్లో ఉండకూడదు. ఒక డబ్బా ఈ వారం, ఇంకో డబ్బా పై వారం. రెండూ అయ్యాకే ఫలితం చెబుతారు. ఇంట్లో ఎవరైనా చెయ్యగలరా అని డాక్టరమ్మ అడిగితే, చిన్నల్లుడు నన్ను చూపించి, "మా అన్నయ్య చేతికి తిరుగు లేదండీ" అన్నాడు. నా బిస్కెట్ ఒక్కటి కూడా తినని వాడు అలా అన్నాడు.

నర్సమ్మ నన్ను పక్కకి పిలిచి కొలతలు చెప్పింది. ఏ డబ్బా ముందు తేవాలో కూడా చెవిలో చెప్పింది. ముందు ఉత్తది తెమ్మంది. ఈ ముక్క మీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలిస్తే పరీక్ష చెల్లదు, మొదటి నుంచీ మళ్ళీ రావాలి, మళ్ళీ రోజు దొరకడానికి నెలలు పడుతుంది అని హెచ్చరించింది.

డబ్బాలు పైన వంటింట్లో చేశాను. అరటిపండు, కోకో, కాస్త బెల్లం. ఒకదాంట్లో మెత్తగా జల్లించిన జీడిపప్పు పొడి, రెండోదానికి అంతే చిక్కదనం రావడానికి అతను రోజూ తినే, బయట కొన్న రస్కుల పొడి. ఉత్తదానికి గిన్నె, గరిటె అన్నీ కొత్తవి వాడాను. ముందుగా ఒక వాయి చేసి, కళ్ళు మూసుకుని రెండూ రుచి చూశాను. తేడా నాకే తెలియలేదు. పనిలో నాకు పేరు పెట్టడానికి లేదు, ఆ సంగతి ఎవరైనా చూస్తే బాగుండుననిపించింది. చూడకూడదు, అదీ నా ఖర్మ.

మొదటి రోజు క్లినిక్‌లో నన్ను లోపలికి రానివ్వలేదు. "మీ ముఖం చూస్తే అన్నీ తెలిసిపోతున్నాయండీ, బయట కూర్చోండి" అంది నర్సమ్మ. పొద్దున వెళ్ళినవాళ్ళం మధ్యాహ్నం దాకా ఉన్నాం. చెంచాడు పెట్టడం, ఆగడం, ఇంకాస్త పెట్టడం, మళ్ళీ ఆగడం. చివరికి అతను మీసానికి కోకో అంటించుకుని నవ్వుతూ బయటికి వచ్చాడు. ఒక్క దద్దురు లేదు.

"చూశావా అన్నయ్యా, ఏమీ కాలేదు" అన్నాడు.

ఉత్త రస్కు పొడి తింటే ఏమవుతుంది నాయనా అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. పై వారం కూడా అయితే గానీ ఏమీ అనుకోకూడదని డాక్టరమ్మ చెప్పిందిగా అన్నాను. అతను తల ఊపాడు గానీ దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. మామగారు కొట్టు పెందలాడే కట్టేశారు. అత్తయ్య ఆ పూట చిన్నల్లుడి వేరే గిన్నె తీసి అటక మీద పెట్టేసింది. పై వారం ఇంకో డబ్బా ఉందని నేను గుర్తు చేస్తే మామగారు చెయ్యి ఊపారు.

"కొట్టుకి మనిషి వస్తే ముందు మంచి సరుకు చూపిస్తామా, ఉత్తది చూపిస్తామా? ఎవరైనా అసలుదే ముందు పెడతారు. రెండోది ఊరికే, లెక్కకి" అన్నారు.

వ్యాపారం తెలిసిన మనిషి మాట. అందరికీ అది సబబుగానే తోచింది. నేను అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాను.

ఆ సంతోషంలోనే మామగారు కిందికి వెళ్ళి చెక్క పార తెచ్చారు. భోజనాల గదిలో అది గోడకి ఆనించితే పైకప్పుకి తగిలేలా ఉంది. "నా చెయ్యి ఇక పనికిరాదు. రేపటి నుంచి పొయ్యి ముందు చిన్నల్లుడు నిలబడతాడు" అన్నారు. మరదలు సిగ్గుపడి నవ్వింది. మా ఆవిడ నా వైపు చూడకుండా మంచినీళ్ళు పోసింది. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరికీ నేను గుర్తే రాలేదు. ఆ క్షణంలో ఆ ఇంట్లో అందరి మీదా నాకు అసహ్యం పుట్టింది.

మామగారు ఇంకో మాట కూడా అన్నారు. ఇన్నాళ్ళూ భయపడి మీ అన్నయ్య బిస్కెట్ ముట్టలేదు, ఇవాళ తిను అని. అత్తయ్య ప్లేటు నిండా జీడిపప్పు బిస్కెట్లు పెట్టి తెచ్చింది. పొద్దున క్లినిక్‌కి వెళ్ళే ముందు నేను చేసినవే. చిన్నల్లుడు ఒకటి తీసుకున్నాడు.

"డాక్టరమ్మ వద్దంది కదా, వారం ఆగు" అన్నాను.

"ఒక్కటే కదా అన్నయ్యా."

"మీకెందుకండీ అంత బాధ?" అంది మా ఆవిడ మెల్లగా. ఆ గొంతులో నా మీద జాలి ఉంది.

అతను బిస్కెట్ నోటి దాకా ఎత్తాడు. నేను ఒక్క ఊపిరి సేపు ఊరుకున్నాను. తర్వాత లేచి, అతని చేతిలోది లాక్కుని నా నోట్లో వేసుకున్నాను.

అత్తయ్య అంది, "ప్లేటు నిండా ఉన్నాయి కదా నాయనా, అతని చేతిలోదే కావాలా నీకు?"

ప్లేటు నిండా ఉన్నాయి, అదే కదా నా బాధ. ప్లేటు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. "ఇవి నేను చేశాను. నేనే తింటాను" అన్నాను. అన్నాక తినాలి కదా. వాళ్ళందరి ముందూ కూర్చుని, ఒక్కొక్కటీ నములుతూ ప్లేటు ఖాళీ చేశాను. గొంతుకి అడ్డం పడుతుంటే నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాను. చిన్నల్లుడు తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. మామగారు లేచి వెళ్ళిపోయారు.

ఆ వారం నాతో మాట్లాడిన మనిషి లేడు. మా ఆవిడకైనా చెప్పేద్దామనుకున్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పృథివి దాకా ఎందుకు, పక్క గదిలో మరదలు చాలు. మర్నాడు చిన్నల్లుడు కిందికి దిగబోతే, పై వారం దాకా పని గదిలోకి రావద్దని గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. జీడిపప్పు డబ్బాకి తాళం వేశాను. బిస్కెట్లు చెయ్యనన్నాను. అలకపాన్పు ఎక్కాడని కొట్టుకొచ్చిన వాళ్ళతో సహా నవ్వారు. మామగారు నొప్పి చేత్తోనే పొయ్యి ముందు నిలబడ్డారు గానీ, పార నా చేతికి ఇవ్వలేదు.

రెండో డబ్బా రోజు వచ్చింది. బండి వెనక కూర్చుని చిన్నల్లుడు, ఇవాళ ఉత్తదేగా అన్నాడు. నాతో మాట కలపడానికి అన్నాడని తెలుస్తూనే ఉంది. నేను బండి పక్కకి ఆపాను. "ఏదైనా సరే, నోట్లో చిన్న తేడా అనిపించినా వెంటనే చెప్పు. మొహమాటపడకు" అన్నాను. నేను కసిరాననుకున్నాడో ఏమో, సరేనన్నాడు.

మళ్ళీ నేను బయట బల్ల మీద. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత లోపల దగ్గు వినిపించింది. ఆగకుండా దగ్గు. నర్సమ్మ తలుపు తోసుకుని అవతలి గదిలోకి పరిగెత్తింది, చేతిలో ఇంజెక్షన్‌తో తిరిగి వచ్చింది. తలుపు సందులోంచి అతని కాళ్ళు కనిపించాయి. ఒక కాలు మంచాన్ని తన్నుతోంది. జీడిపప్పే కావాలని మొక్కుకున్నవాణ్ణి నేను. నా చేతులతో జల్లించి కలిపిన పొడి అది. నేను లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, వద్దు వద్దు అని పైకే అన్నాను.

ఇంజెక్షన్‌తో దగ్గు ఆగింది. సాయంత్రం దాకా ఉంచాలన్నారు. మామగారు ఆటోలో వచ్చేసరికి అతను పడుకుని ఉన్నాడు, ముఖం గుర్తుపట్టలేనట్టు వాచి. డాక్టరమ్మ మామగారికి అంతా వివరించింది. ఇక ఈ జన్మలో జీడిపప్పు జోలికి పోకూడదు, దాని పొడి ఎగిరే చోట పని కూడా చెయ్యకూడదు. మామగారు నర్సమ్మను ఒక్కటే అడిగారు, మొదటి డబ్బాలో ఏముందని. ఆమె చెప్పింది.

ఆయన వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. మణికట్టు నిమురుకున్నారు.

"ప్లేటంతా తిన్నావే. కడుపు నొప్పి రాలేదూ?" అన్నారు.

"వచ్చింది" అన్నాను.

మర్నాడు పొద్దున పని గదిలోకి దిగేసరికి పార నేను నిలబడే చోట ఆనించి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. నేను అనుకున్నంత బరువు లేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీని కోసమే, కానీ ఇది నాకు వచ్చింది నా చేతి పనితనం చూసి కాదు, అతని ముఖం వాచి. పైన అత్తయ్య అతనికి గంజి చల్లారుస్తోంది. మరదలు పెట్టె సర్దుతోంది. వేరే ఊళ్ళో ఏదో ప్రెస్సు ఉందట, అక్కడికి పోతారట. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ ఎప్పుడు చూస్తానో అంటోంది.

అప్పుడు నాకు అర్థమైంది. అతను వెళ్ళిపోతే ఈ ఇల్లంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. నేను ఏ రొట్టె తీసినా, చిన్నల్లుడైతేనా అంటారు. ఎదురుగా ఉన్న మనిషితో పోటీ పడొచ్చు. లేనివాడితో ఎవడు పడగలడు?

"మావయ్య గారూ, కొట్టులో జీడిపప్పు మానేద్దాం" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మరి నీ బిస్కెట్?"

"ఇంకోటి చేస్తాను."

మరదలు సర్దిన పెట్టె విప్పింది. గోడలు కడిగాం, ట్రేలు మార్చాం, పాత జల్లెళ్ళు పారేశాం. డాక్టరమ్మ సరేనన్నాకే అతన్ని మళ్ళీ కిందికి రానిచ్చాం. తొలి వాన పడిన రోజు నువ్వులతో కొత్త బిస్కెట్ మొదటి వాయి తీశాను. చిన్నల్లుడు పిండి బల్ల దగ్గర ఉన్నాడు. ఒకటి తీసుకుని, నా వైపు చూసి, నేను తల ఊపాక కొరికాడు. నా చేతి బిస్కెట్ అతను తినడం అదే మొదలు. నేను పార పట్టుకుని అతని నోరే చూస్తున్నాను.

మెల్లగా నమిలాడు. "బాగుంది అన్నయ్యా. ఒక్క చిటికెడు ఉప్పు పడాలి" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నేనూ ఒకటి కొరికి చూశాను. నిజమే, పడాలి.

అతను చేతులు దులుపుకుంటూ, "ఆ రోజు నా చేతిలోది లాక్కున్నది మొదటి డబ్బా ఉత్తదనేనా?" అని అడిగాడు.

"సగం అందుకే" అన్నాను.

"మిగతా సగం నాకు తెలుసులే" అని ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు.

నేను రెండో వాయి పిండిలో ఉప్పు వేశాను. అతను చెప్పిన చిటికెడు కంటే కాస్త తక్కువే వేశాను.